నీడనిచ్చిన చెట్టుకు ఫొటో ఏది?

అమెరికాలోని అరిజోనా ఎడారిలో సాగ్వారో అనే పెద్ద జెముడు జాతి మొక్క ఉంది. మొదటి 8 ఏళ్లలో అది పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళాలే. తొలి పువ్వు పూయడానికి దాదాపు 35 ఏళ్లు. ఆ పువ్వు రాత్రి విచ్చుకుని మరునాటి మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. కెమెరాలన్నీ ఆ కొద్ది గంటల కోసమే!

150 ఏళ్లు దాటి బతకగల ఆ మొక్కను మొదలునుంచి చివరిదాకా ఒక్క మనిషి ఫొటో తీయలేడు. అందుకే పాత ఫొటో తీసిన చోటే నిలబడి, దశాబ్దాల తర్వాత ఇంకొకరు తీస్తారు.

నా మట్టుకు అన్నిటికంటే విలువైన ఫొటో పువ్వుది కాదు. పాలో వెర్డే చెట్టు కింద, ఎండకూ చలికీ చాటున బతుకుతున్న వేలెడు మొక్కది. మనమూ సాక్ష్యం చెప్పే యౌవనస్థుణ్ణే ఫొటో తీస్తాం. చిన్ననాడు వాడిని చేయిపట్టి సండేస్కూలుకు తెచ్చిన అవ్వను కూడా ఈ ఆదివారం పక్కన నిలబెట్టండి.