ఆరోగ్య బీమాయా, ఊరి వైద్యశాలయా?

ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1వ తేదీన తొలుత ప్రారంభింపఁబడిన మూఁడు జిల్లాలలో మన శ్రీకాకుళ మొకటి. పేదలకై ప్రభుత్వమే బీమా రుసుము చెల్లించి, పెద్ద యాసుపత్రులలో గుండె చికిత్సలు సైతము ఉచితముగాఁ జేయించెను. ఇది మఱవరాని మేలు. ఆ ధనమును ప్రైవేటు బీమా సంస్థ నడపవలెనా, ప్రభుత్వ ట్రస్టు నడపవలెనా యను వాదము నాఁటినుండి తెగకున్నది.

మేమడుగున దింకొకటి. రోగము ముదురకమునుపే పట్టుకొనువా రెవరు? ఆసుపత్రిలోఁ జేరక యింటనే వాడుకొను రక్తపుపోటు మాత్రల ఖర్చును బీమా సాధారణముగా భరింపదు. దానికి ఊరి ప్రభుత్వ వైద్యశాలయే దిక్కు. పొందూరి స్త్రీలు వాలుగ చేప దవడతోఁ బత్తిని శుద్ధిచేసిన పిమ్మటనే సన్ననూలు వడకుదురు. మొదటి పని వదలినచో దారము నిలువదు. అట్లే ప్రభుత్వ ధనములోఁ దొలిపాలు గ్రామ వైద్యశాలకుఁ జెందవలెను. బీమా దాని వెనుక నడువవలెను. విద్యార్థులారా, తలిదండ్రులతో నీ విషయము చర్చింపుఁడు.