సంఘం వ్యానుకు ముందు ఇనుప బంపర్ వద్దు

ఆదివారం కార్యవర్గ సమావేశం ఉంది కదా, దానికి ముందే ఈ మాట అందరి చెవిలో వేయాలని రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నవి. తప్పులుంటే చిన్నవాళ్ళు సరిదిద్దండి, పెద్దవాళ్ళు మన్నించండి. పోయినసారి రాసింది మరీ పొడుగైందని కొందరన్నారు. ఇదీ పొడుగే.

మన వ్యాను వచ్చి నెల కూడా కాలేదు. పల్లెల నుంచి పిల్లల్ని తెలుగు తరగతికి తేవడానికి, వయసు మళ్ళినవాళ్ళను మదురై ఆసుపత్రికి తీసుకుపోవడానికి అందరం చందాలు వేసి కొన్నాము. దానికి ముందు స్టీలు గొట్టాల బంపర్, కింద ఇంజిన్ గార్డు రెండూ తన ఖర్చుతో వేయిస్తానని మన అన్న ఒకరు ముందుకొచ్చారు. బంపర్ నడుమ పలకమీద వాళ్ళ నాయన పేరు రాయిస్తారట. గ్రూపులో వెంటనే నలభైమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. అన్న మనసు మీద నాకు సందేహం లేదు. కింది గార్డు వేయవచ్చు, దానికి కొన్ని షరతులున్నాయి, తర్వాత చెప్తాను. ముందు బంపర్ మాత్రం వద్దు.

ఈ మాట అనే అర్హత నాకుందా అని ఎవరైనా అడిగితే, ఉంది. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. 2013లో పి.ఎఫ్. లోను తీసి సెకండ్ హాండ్ కారు కొన్నాను. కొన్న వారానికే బైపాస్ పక్క షాపులో మూడు గొట్టాల బంపర్ వేయించాను. అద్దంలా మెరిసేది. రోజూ పొద్దున పాత బనియనుతో తుడిచేవాణ్ణి. మా ఇంటావిడ నవ్వేది, కారుకంటే దానికే సేవ ఎక్కువని.

ఒకరోజు పొద్దున ఆరున్నరకు మార్కెట్ మలుపు తిరుగుతున్నాను. వేగం ఇరవై కూడా లేదు. గంప పట్టుకుని పూల అవ్వ ఒకామె రోడ్డు దిగింది. బ్రేకు వేశాను, కానీ పై గొట్టం ఆమె తుంటికి సరిగ్గా తగిలింది. కారు దిగి నేను మొదట చూసింది ఆమెను కాదు, బంపర్‌ను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు. బంపర్‌కు ఒక గీత కూడా పడలేదు. అవ్వకు తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు బయటికొచ్చి నా కారు చూసి, ఆ పైపు ఎందుకు పెట్టారు అని అడిగాడు. కారుకు దెబ్బ తగలకుండా అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా లోపలికి పోయాడు.

ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. అవ్వ నామీద కోపం కూడా చూపలేదు, నీవు కావాలని చేశావా నాయనా అంది. కానీ మళ్ళీ గంప ఎత్తలేదు. ఇంటి తిన్నెమీద కూర్చునే పూలు కట్టేది. ఆ వారమే బంపర్ విప్పించి పాత ఇనుముకు వేశాను.

అదే వేగంలో కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ బంపర్ తగిలి ఉంటే ఏమయ్యేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ప్లాస్టిక్ వంగుతుంది, దాని వెనక నురుగు దిమ్మె నలుగుతుంది, బానెట్టు రేకు సొట్ట పడుతుంది. మనిషి ఎముకకు రావలసిన దెబ్బలో కొంత అవి తీసుకుంటాయి. ఇనుప గొట్టం ఏమీ తీసుకోదు, ఉన్నది ఉన్నట్టు అవతలి మనిషికి ఇచ్చేస్తుంది. 2022లో మన దేశంలో రోడ్డుమీద నడిచిపోతూ వాహనాలు తగిలి చనిపోయినవాళ్ళు 32 వేలకు పైగా. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది.

రైల్వేలో ఉన్నవాడివి, రైలింజనుకు ముందు క్యాటిల్ గార్డు ఉంది కదా అని మా తమ్ముడే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. సర్వీసులో ఎన్నో సి.ఆర్.ఓ. మెమోలు టైపు చేశాను. సి.ఆర్.ఓ. అంటే క్యాటిల్ రన్ ఓవర్, పట్టాలమీద పశువు పడిన కేసు. డబ్ల్యూ.ఏ.పి-7 ఇంజిన్ ఒక్కటే 123 టన్నులు. వెనక ఇరవై పెట్టెలు ఉన్నప్పుడు బ్రేకు వేసినా వెంటనే ఆగదు, పక్కకు తప్పుకోనూ లేదు. పశువు చక్రం కిందికి పోతే పట్టా తప్పుతుంది, వెయ్యిమంది ప్రాణాలు. అందుకని పశువును పక్కకు తోసే పలక పెట్టారు. మన వ్యానుకు స్టీరింగు ఉంది, బ్రేకు ఉంది. ఏది తగిలినా అది పట్టా తప్పదు.

ఆ రైల్వేలోనే ఇంకొకటి చూడండి. 2022 అక్టోబరు 6న గాంధీనగర్ వందే భారత్ అహ్మదాబాద్ దగ్గర గేదెలను గుద్దింది. రైలు మొదలై వారం కూడా కాలేదు. ముక్కు ఊడిపోయిన ఫొటో చూసి ఊరంతా నవ్వింది, ప్లాస్టిక్ రైలు అని. నేను కూడా నవ్వానేమో. కానీ ఆ ముక్కు అలా చెదిరేటట్టే చేశారు. వెనక ఉన్న అసలు భాగానికి దెబ్బ పోకుండా అది విరగాలి, తర్వాత కొత్తది తగిలించాలి. రైలు కాసేపట్లో కదిలింది. రాత్రికి కొత్త ముక్కు వేశారు. పాత పెట్టెల పక్క బఫర్లు గానీ, స్టేషనులో లైను చివర ఉండే బఫర్ గానీ, దెబ్బ తగిలితే లోపలికి పోయేటట్టే కడతారు. లోపలికి పోని బఫర్ ఉట్టి గోడ.

కార్లలో ఈ ఆలోచన 1950ల మొదట్లో మెర్సిడెస్ కంపెనీ ఇంజినీరు బేలా బరేనిది. ముందు భాగం నలగాలి, మనుషులు కూర్చునే భాగం నలగకూడదు. లెక్క కూడా కష్టమైనది కాదు. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. బండి గోడకు తగిలి ముందు భాగం అర మీటరు నలిగి ఆగితే, లోపలి మనిషిమీద పడే బలం అతని బరువుకు సుమారు 20 రెట్లు. పావు మీటరులోనే ఆగితే 40 రెట్లు. నలగకుండా అడ్డం పెట్టిన ఇనుము బండిని కాపాడినట్టు కనిపిస్తుంది, లోపలివాళ్ళ పక్కటెముకలు దానికి బాకీ కడతాయి. పైన పటారం, లోన లొటారం.

ఎయిర్‌బ్యాగు సంగతి ఇంకా ముఖ్యం. మన వ్యానులో డ్రైవరుకు, పక్క సీటుకు రెండూ ఉన్నాయి. ఢీకొన్నప్పుడు బండి ఎంత తొందరగా వేగం తగ్గిందో సెన్సారు కొలిచి, కన్ను మూసి తెరిచేలోపల సంచీని ఉబ్బిస్తుంది. ఆ కొలత కంపెనీవాళ్ళు తమ బంపర్‌తో, తమ రేకుతో గుద్ది గుద్ది చూసి కట్టింది. మనం లేత్ పట్టరైలో వంచిన గొట్టాన్ని ఛాసిస్‌కు నేరుగా బోల్టు వేస్తే ఆ కొలత మారిపోతుంది. సంచీ ఆలస్యంగా రావచ్చు, రాకపోవచ్చు, చిన్న తాకిడికే రావచ్చు. అమ్మే షాపువాడు దీనికి జవాబు చెప్పడు. నేను ఇద్దరిని అడిగాను. ఇద్దరూ టీ తెప్పించారు.

చట్టం సంగతి. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ అన్ని రాష్ట్రాలకు లేఖ రాసింది: బుల్ బార్లు, క్రాష్ గార్డులు తగిలించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధం, చర్య తీసుకోండి అని. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆర్.సి. సంఘం పేరిట ఉంది, సంతకం మన కార్యదర్శిది. అన్న దానం చేస్తే కార్యదర్శి కోర్టుకు పోవాలా? రోడ్డుమీద ఎంతోమంది వేసుకున్నారు, పోలీసు అడగడంలేదు అంటారు. నిజమే, అడగడంలేదు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు అడుగుతాడు.

రాత్రిపూట నాలుగు లైన్ల రోడ్డులో, సాత్తూరు దాటాక, ఆవులు పడుకుని ఉంటాయి, దానికేం చేస్తావని మా బావ అడిగాడు. రాత్రి అరవైకి మించి పోవద్దని డ్రైవరుకు చెప్పాలి, హెడ్‌లైటు ఎత్తు సరిచేయించాలి. బరువైన బంపర్ వేస్తే ముందు స్ప్రింగులు దిగి ఆ లైటు కూడా కిందికే చూస్తుంది.

ఇప్పుడు కింది గార్డు. ఇది అలంకారం కాదు, మన రోడ్లకు పనికొచ్చే వస్తువు. స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని రోడ్డు కాంగ్రెస్ నిబంధన. మన పల్లెల్లో రాత్రికి రాత్రి జానెడు గోడ కడతారు. వాన పడితే కరిసల్ నేలలో బండిజాడలు గట్టిపడి నడుమ గట్టు లేస్తుంది. వ్యాను నిండా మనుషులుంటే అడుగు ఇంకా దిగుతుంది. ఆయిల్ సంపు రాయికి తగిలి పగిలితే ఆయిలంతా కారి, చూసుకోకుండా రెండు కిలోమీటర్లు పోతే ఇంజిన్ పట్టేస్తుంది.

వేస్తే కంపెనీ యాక్సెసరీ పట్టీలో ఉన్నదే వేయాలి, బిల్లు ఉండాలి. బండిలో ముందే ఉన్న మరల రంధ్రాలకే బిగించాలి. కొత్తగా డ్రిల్లు వేయడం, వెల్డింగు పెట్టడం కూడదు. ఆయిల్ మార్చేటప్పుడు ప్లేటు విప్పనవసరం లేకుండా డ్రెయిన్ మరకు నేరుగా కంత ఉండాలి. గాలి పోవడానికి సందులు ఉండాలి, లేకుంటే మే నెలలో ఇంజిన్ వేడెక్కుతుంది. సంపుకూ ప్లేటుకూ నడుమ ఖాళీ ఉందా అని చెయ్యి పెట్టి చూడాలి. ఆనుకుని ఉంటే రాయి దెబ్బ నేరుగా సంపుకే పోతుంది, గార్డు పెట్టి లాభమేమి? 500 కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్ళీ బిగించాలి. నెలకొకసారి పైన చేరిన ఎండుగడ్డి తీయాలి. సైలెన్సరు గొట్టం పక్కనే ఉంటుంది, నిప్పు అంటుకుంటుంది. ఈ పని నాకు ఇవ్వండి, రిటైరైనవాడికి నెలకు ఒక పూట పెద్ద శ్రమ కాదు.

అన్నతో నిన్న ఫోనులో మాట్లాడాను. బంపర్ డబ్బుతో వెనక కెమెరా, మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె కొందామని, వాళ్ళ నాయన పేరు పక్క తలుపుమీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయిద్దామని చెప్పాను. తలుపుమీద రాస్తే ఎక్కే ప్రతి పిల్లవాడూ చదువుతాడు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నాయన పేరు తెలుగులో రాయడం నాకు రాదు, నువ్వు రాసి పంపు అన్నారు. రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు. ఆదివారం వస్తారనుకుంటున్నాను.