చెప్పి వెళ్ళమ్మా, ఏడిస్తే ఏడవనీ

పక్కింటమ్మాయికి కోదాడలో ఉద్యోగం. పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కాలి. రెండున్నరేళ్ళ బాబు సాయంత్రం దాకా నా దగ్గరే.

"వాడు టీవీ చూస్తుంటే వెనక గుమ్మంలోంచి జారుకో" అని ఆమెకి మా వీధంతా సలహా. నాకు ఒళ్ళుమంట. మొదటి వారం అలాగే చేశాం. ఏమైంది? నేను స్నానానికెళ్తే తలుపు దగ్గర కాపలా. నిద్రలో కూడా నా కొంగు వదలడు. అమ్మే మాయమైతే ఈ అత్తమ్మ ఎంత?

ఇప్పుడు చెప్పే వెళ్తుంది. గేటు పట్టుకుని కాసేపు ఏడుస్తాడు. ఏడవనివ్వండి! "ఇప్పుడే వస్తుంది" అనను, "దీపం పెట్టే వేళకి వస్తుంది" అంటాను. వాడికి గడియారం తెలీదు, దీపం తెలుసు.

ఏడవకపోతే సర్దుకున్నట్టేనా? 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ లండన్ ఆసుపత్రిలో చేరిన రెండేళ్ళ పాప మీద సినిమా తీశాడు. ఆ పాప పెద్దగా ఏడవదు, దిగమింగుకుంటుంది. పిల్లల వార్డుల్లోకి తల్లుల్ని రానివ్వాలన్న వాదనకి ఆ సినిమా పెద్ద ఊతమైంది.

మొన్న మిర్యాలగూడ నుంచి నాయనమ్మ వచ్చి, "పిల్లాణ్ణి ఏడిపించి పోతావా?" అని కోడల్ని కసిరింది. వారానికోసారి హైదరాబాద్ నుంచి వచ్చిపోయే కొడుకుని మాత్రం ఒక్క మాట అనలేదు.