నలుగురున్న ఇంట ఒంటరితనము

కొరియా భాషలో ‘గేంగ్న్యొన్గి’ అను మాట యొకటి కలదు. ముట్లుడుగు కాలమని దాని యర్థము. మాటలో దోషము లేదు. దానిని వాడు తీరులోనే దోషమున్నది. 50 ఏండ్ల యిల్లాలు కన్నీరు పెట్టినను, కసరినను, అన్నము ముందు పలుకక కూర్చున్నను, భర్తయు బిడ్డలును ఆ యొక్క మాట పలికి లేచిపోవుదురు. పేరు పెట్టినంతనే విచారణ ముగిసినదని వారి తలంపు. ఈ తలంపును మేము ఖండించుచున్నాము.

శరీరమున మార్పు కలుగుట నిజమే. ఈస్ట్రోజెన్ తగ్గును, ఒంట ఆవిరులెగయును, నిద్ర చెడును, మనసు క్రుంగును. దీనికి వైద్యము కలదు. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితములు వెలువడిన పిమ్మట హార్మోను చికిత్సయన్న లోకమంతట భయము పుట్టినది గాని, 60 ఏండ్లలోపు ఆరోగ్యవతులలో అనేకులకు నష్టముకంటె లాభమే హెచ్చని తరువాతి పరిశీలనలు చూపినవి. వైద్యుని కడకు పోవలసినదే. కాని నిద్రకు మందున్నంతమాత్రమున మాటాడువారు దొరకరు.

ఆ యిల్లాలి స్థితి చూడుడు. పెండ్లియైనను ఆమె పుట్టింటి పేరు మారదు, కొరియా ఆచారమది. కాని ఆ పేరుతో పిలుచువారుండరు. బిడ్డ పుట్టినది మొదలు ఇరుగుపొరుగున ఆమె ‘ఫలానావాని అమ్మ’. (మన తెలుగిండ్లలో మాత్రము ఇది వేరుగా నున్నదా యని చదువరులు తమ తల్లుల నడుగుదురుగాక.) నవంబరు నెలలో జరుగు విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష ముగియువరకు ఆమె దినచర్య యంతయు బిడ్డ చదువు చుట్టు తిరుగును. 30 ఏండ్లకు బిడ్డను కన్న తల్లికి ఆ పరీక్షయు ముట్లుడుగు ప్రాయమును ఇంచుమించు ఒక్క యేడే వచ్చును. ఎదుగు ప్రాయమునకును ముట్లుడుగు ప్రాయమునకును పోరు వచ్చిన గెలుపెవ్వరిదని అచటివారు పరిహాసముగా అడుగుకొందురు. ఆ పరిహాసము మాకు రుచింపలేదు. పిల్లకు బడి నేస్తులున్నారు. తల్లి నేస్తులు ఆమెను పేరుపెట్టి పిలిచి ఎన్నేండ్లైనదో!

అదే దేశమున మరియొక పేరు వాడుకలో నున్నది: ‘హ్వాబ్యొంగ్’, అనగా అగ్నిరోగము. దిగమ్రింగిన కోపము గుండెలో ముద్దకట్టి వేడియై పైకెగయునని రోగుల మాట. 1994లో అమెరికా మనోవైద్యుల గ్రంథము దీనిని కొరియా సంస్కృతికి చెందిన వ్యాధిగా అనుబంధమున చేర్చినది. నడివయసు స్త్రీలలోనే ఇది హెచ్చు. కోపమని యొప్పుకొనిన, ఆ కోపమునకు కారకుడెవ్వడను ప్రశ్న వచ్చును. ‘గేంగ్న్యొన్గి’ యనిన ఆ ప్రశ్న రాదు, తప్పంతయు వయసుది. ఇంటివారికి ఈ పేరే యింపగుటకు హేతువిదియే.

సియోల్ నగరపాలకులు 2024 అక్టోబరులో ఒంటరితనమును పోగొట్టుటకై అయిదేండ్లకు 45,130 కోట్ల వొన్ల పథకమును ప్రకటించిరి. 24 గంటలును పలుకు టెలిఫోనును నెలకొల్పిరి. మంచిపనియే. అయితే భర్తయు ఇద్దరు బిడ్డలును గల యిల్లాలు వంటింటి తలుపు మూసికొని, తన కష్టమును నగరపాలకుల టెలిఫోనునకు చెప్పుకొనవలసిన గతి యేల? భోజనపు బల్లకు ఎదురుగా ముగ్గురు కూర్చుండియే యున్నారు. ఏమైనదని అడిగి, ఆమె చెప్పి ముగించువరకు వారిని లేవవలదనుచున్నాము.