తాగుడు మానినవారికి ఆటస్థలం కావాలి

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో కొంగు బిగించి సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ రగిలిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. చట్టాలు వచ్చాయి, పోయాయి. దుకాణం ఉండాలా, ఊడాలా అన్న చర్చ జరిగినంతగా, తాగుడు మానాలనుకున్న మనిషి గురించి చర్చ జరగలేదు. మానినవాడికి సాయంత్రం ఎలా గడుస్తుందన్న ప్రశ్న మన ఊళ్లలో ఇప్పటికీ వినపడదు.

అసలు చిక్కంతా సాయంత్రంతోనే. పగలు పనిలో పడి ఎలాగో నెట్టుకొస్తాడు. పొద్దు వాలేసరికి కాళ్లు పాత దారి పడతాయి. కూర్చునే చోటు అదే, పిలిచే స్నేహితులు వాళ్లే. ఇంటికి వెళితే అప్పుల మాటలు, పాత గొడవల గుర్తులు. నిద్ర సరిగా పట్టదు. ఒంటికి నలత, మనసుకు దిగులు. 'ఈ ఒక్కరోజే' అన్న మాట పుట్టేది ఈ వేళలోనే. నెలరోజులు నిగ్రహించుకున్నవాడు కూడా ఒక్క సాయంత్రంలో జారిపోతాడు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అని ఊరు తీర్పు చెప్పేస్తుంది. ఆ సాయంత్రం అతనికి మరో దారి చూపించారా అని మాత్రం ఎవరూ అడగరు.

ఆ మరో దారుల్లో వ్యాయామం ఒకటి. ఖర్చు తక్కువ, ఫలితం ఉంది. తాగాలన్న తహతహ గంటల తరబడి ఒకే తీరున ఉండదు. కెరటంలా లేచి, చాలామందిలో అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపూ మనిషి వడిగా నడిచినా, బంతి ఆడినా మనసు పక్కకు మళ్లుతుంది. క్రమంగా చేస్తే దిగులు, ఆందోళన తగ్గుతాయి, ఒంట్లో సత్తువ పెరుగుతుంది. నిద్రకూ మేలు చేస్తుంది. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు పూర్తవుతాయి. ఇది ఎవరికీ అందని పండు కాదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. వ్యాయామం ఊతకర్ర మాత్రమే, మందు కాదు. వ్యాయామం ఒక్కటే తాగుడు మాన్పిస్తుందని ఏ పరిశోధనా గట్టిగా తేల్చలేదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. కొందరికి ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ వస్తుంది. మరికొందరు రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి ఉన్నట్టు చూస్తారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. కల్తీ కల్లులోని నిద్రమందులకు అలవాటు పడ్డవారికీ ఇదే ప్రమాదం. అలాంటివారిని మైదానానికి కాదు, ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రక్తపోటు, మధుమేహం, గుండె, కాలేయం పరీక్ష చేయించి, డాక్టరు సరేనన్నాకే నడక మొదలుపెట్టాలి. పరుగు, బరువులు తరువాతి మాట. ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయ కేంద్రానికి 14446 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు.

పొద్దంతా పార పట్టినవాడికి మళ్లీ కసరత్తు ఏమిటని అడిగేవారు ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. కూలివాడు సీసా పట్టడానికి ఒళ్లునొప్పులే సాకు. అతనికి దండీలు, బస్కీలు తీయమని ఎవరూ చెప్పనక్కరలేదు. నడుము, భుజాలు సాగదీసే నాలుగు ఆసనాలు, చెరువుకట్ట మీద తీరికగా కాసేపు నడక చాలు. అతనికి కావలసింది చెమట కాదు, తోడు. కూర్చుని పనిచేసే ఆటోడ్రైవరు, దర్జీ, దుకాణదారు మాత్రం చెమట పట్టేలా ఆడవలసిందే.

ఇదేమీ మనకు కొత్త సంగతి కాదు. ఒకనాడు మన పల్లెల్లో తాలింఖానాలు ఉండేవి. కర్రసాము, కుస్తీ, చెడుగుడు ఉండేవి. శిష్యుడు తప్పతాగి వస్తే గురువు గడప తొక్కనిచ్చేవాడు కాదు. నలుగురి కళ్లూ తనమీద ఉన్నాయన్న జంకే సగం మందు. ఇప్పుడు చాలా ఊళ్లలో తాలింఖానా లేదు. బడి ఆటస్థలంలో కంపచెట్లు, పెంటకుప్పలు. సాయంత్రం బడి గేటుకు తాళం. ఎల్లవేళలా తలుపు తీసి ఉండేది బెల్టు దుకాణం ఒక్కటే.

పంచాయతీలు చేయదగిన పని పెద్దదేమీ కాదు. ఆటస్థలంలో కంప కొట్టించి నేల చదును చేయించాలి. ఒక దీపం, ఒక వల, ఒక బంతి ఏర్పాటు చేయాలి. బడి గేటు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు తెరిపించాలి. వ్యాయామోపాధ్యాయుడు వారానికి ఒకటి రెండు రోజులైనా వచ్చి నేర్పితే మరీ మంచిది. ఆరోగ్య కార్యకర్త నెలకోసారి అక్కడే రక్తపోటు చూడాలి. ఆడవారికి వేరే వేళ కేటాయించాలి. వారిలోనూ ఈ వ్యసనం ఉందన్నది నిజం. తాగే మొగుడితో వేగి వేగి నలిగిన ఇల్లాలికీ ఆ అరగంట ఊపిరి పోస్తుంది.

అక్కడ రెండు కట్టుబాట్లు ఉండాలి. మొదటిది, ఆట ముగిశాక సీసా ఉండకూడదు. పండగ పోటీల్లో గెలిచిన జట్టు చివరకు మందు దగ్గర తేలడం అందరూ ఎరిగిన ముచ్చటే. ఆ అలవాటు ఉన్నచోట వ్యాయామం మేలు చేయకపోగా కీడే చేస్తుంది. రెండవది, ఎవరినీ 'తాగుబోతు జట్టు' అని వేరుచేసి నిలబెట్టకూడదు. ఊరి కుర్రాళ్లతో కలిపే ఆడించాలి. మధ్యలో ఒకరోజు తప్పినవాణ్ణి ఎగతాళి చేయకుండా మర్నాడు మళ్లీ పిలవాలి. వ్యసనం జబ్బు. జబ్బు తిరగబెట్టడం వింత కాదు.

భర్తను కాపలా కాసే భారమంతా భార్య మీదే వేసి, 'చేసుకున్నవాడికి చేసుకున్నంత' అని ఊరు తప్పుకోవడం ఇక చాలు. దూబగుంట ఆడవారు దుకాణం ముందు నిలబడి తమ వంతు చేసి చూపించారు. మిగిలిన వంతు పంచాయతీలది, బడులది, ఊళ్లోని మగవారిది. మానాలనుకున్నవాడు సాయంత్రం ఆరుగంటలకు ఇల్లు దాటినప్పుడు, బెల్టు దుకాణం కంటే ముందు ఆటస్థలం కనబడాలి. అక్కడ అతని పేరు పెట్టి పిలిచే మనిషి ఉండాలి.