రాని సాక్షుల సంగతి

మా నాగోల్ అపార్ట్‌మెంట్‌లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో చిలుకూరు బాలాజీ మహిమకు సాక్షులు కొదవ లేదు. 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నారు, వీసా వచ్చింది, మళ్లీ వెళ్లి 108 పూర్తి చేశారు. ‘మా అనుభవం కన్నా రుజువేం కావాలండీ?’ అంటారు.

నేను కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసి రిటైరైనవాణ్ణి. అనుభవం సాక్ష్యమే కాదని కొట్టిపారేసే హేతువాదులతో నాకు పేచీ. నోటి మాటను నమ్మి కోర్టులు యావజ్జీవం కూడా వేస్తాయి. పైగా మా ఇరుగుపొరుగుకు అబద్ధమాడే అవసరం లేదు. గుడి రాబడి కోసం చెబుతున్నారనుకోవడానికి చిలుకూరులో హుండీ కూడా పెట్టరు.

కాకపోతే సాక్షి మాట ఎంతవరకు చెల్లుతుందో చూడాలి. 1872 నాటి సాక్ష్య చట్టమైనా, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమైనా అడిగేది ఒకటే: చూసినవాడు చూసింది చెప్పాలి, విన్నవాడు విన్నది చెప్పాలి. అది ఎందుకు జరిగిందో తేల్చే పని మామూలు సాక్షిది కాదు.

1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ల ముందు బారులు తీరింది. చెంచాలో పాలు తగ్గడం కళ్లారా చూశామన్నవాళ్లు నిజమే చెప్పారు. శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి పట్టి చూస్తే, తలతన్యత వల్ల చెంచా వదిలిన పాలు విగ్రహం మీదుగా సన్నగా కిందికి జారడం కనబడింది.

చిలుకూరు దగ్గర చిక్కు వేరు. అక్కడ 108 తిరిగేది కోరిక తీరినవాళ్లే. వీసా రానివాళ్లు తిరిగొచ్చి ఆ మాట చెప్పే ఏర్పాటేదీ లేదు. మా పై అంతస్తు కుర్రాడికి రాలేదు. ‘మా మొక్కులోనే ఏదో లోపం’ అని వాళ్లమ్మ సరిపెట్టుకుంది. అసలు ప్రదక్షిణే చేయకుండా వీసా తెచ్చుకున్నవాళ్లనైతే ఎవరూ అడగనే అడగరు. ఒక పక్షం సాక్షులనే విని, రెండో పక్షానికి నోటీసైనా ఇవ్వకుండా రాసిన తీర్పు అప్పీలులో నిలుస్తుందా?

మొక్కుకోవద్దని నేననను. గుడికెళితే గుండె నిబ్బరం వచ్చిందంటే దానికి ఆ మనిషి మాటే చాలు. వీసా ఇప్పించింది దేవుడేనంటే మాత్రం ఆ మాట చాలదు. అందుకే మహిమ చెప్పేవాళ్లతో వాదించను. ‘మీతోపాటు 11 తిరిగినవాళ్లలో మళ్లీ రానివాళ్లెందరు?’ అని మాత్రం అడుగుతాను.