ఇత్తడి సర్పమును ఎవరు పగులగొట్టుదురు?

ధ్యానమునకు: సంఖ్యాకాండము 21:4-9, 2 రాజులు 18:1-4, లూకా 14:16-24



కల్లు దుకాణమును గూర్చియు, పేకాటను గూర్చియు, దొంగతనమును గూర్చియు మన ఉపదేశులు ఎన్నో ప్రసంగములు చేసియున్నారు. చేయవలసినదే. అయితే ఆదివారమున మందిరములో చాపలమీద కూర్చున్నవారిని చూడుడి. వారిలో కల్లు మానినవారు అనేకులు, పేకముక్క ముట్టనివారు అనేకులు. అంతమాత్రమున దేవుడు వారి హృదయములలో మొదటి స్థానమున ఉన్నాడని చెప్పగలమా? ఇల్లు ఊడ్చినంతమాత్రమున యజమానుడు లోపలికి వచ్చినట్లు కాదు. చెడ్డవాటితో మనలను పట్టలేని సాతాను మంచివాటితో పట్టును. ఉత్త గాలమును ఏ చేపయు మ్రింగదు. ఎర మంచిదైనందుననే చేప చిక్కును.

ఇశ్రాయేలీయులు అరణ్యములో సణిగినప్పుడు తాపకరమైన సర్పములు వారిని కరిచెను. అప్పుడు మోషే దేవుని ఆజ్ఞచొప్పున ఇత్తడి సర్పమును చేయించి స్తంభముమీద పెట్టెను. దానిని చూచినవారు బ్రదికిరి. ఆ సర్పము దొంగతనముగా తెచ్చినది కాదు, అన్యుల గుడిలోనిది కాదు. దేవుడే చేయుమనెను, దానివలన మేలు కలిగెను. మన ప్రభువు సయితము తన సిలువను గూర్చి నీకొదేముతో మాటలాడుచు ఆ సర్పమునే దృష్టాంతముగా చెప్పెను. దానికంటె మంచి వస్తువు ఏది?

అయినను తరతరములు గడచిన తరువాత ఏమి జరిగినదో రాజుల గ్రంథములో చదువుడి. జనులు దానికి ధూపము వేయుచుండిరి. మొదట జ్ఞాపకార్థముగా దాచియుందురు. తరువాత గౌరవించియుందురు. చివరకు స్వస్థపరచిన దేవుని మరచి, ఆయన వాడిన ఇత్తడికి మ్రొక్కిరి. హిజ్కియా రాజు దానిని ఛిన్నాభిన్నములు చేసెను. తాతలనాటిదని జాలిపడలేదు, మోషే చేతిపని అని వెనుకదీయలేదు. అది వట్టి ఇత్తడి తునక అని తేల్చివేసెను. ఈ పనినిబట్టి పరిశుద్ధ గ్రంథము ఆయనను నిందింపలేదు, మెచ్చుకొనెను.

ఇప్పుడు మన ఊళ్లకు వత్తము. మన యిత్తడి సర్పములు ఏవి?

మొదటిది పొలము. గొప్ప విందును గూర్చిన ఉపమానములో పిలువబడినవారు రాకపోవుటకు చెప్పిన సాకులు చూడుడి. ఒకడు పొలము కొన్నాడు. ఒకడు అయిదు జతల యెడ్లు కొన్నాడు. ఒకడు పెండ్లి చేసికొన్నాడు. వారిలో త్రాగుబోతు లేడు, జూదరి లేడు. పొలము, ఎడ్లు, భార్య! ఇవి దేవుని ఆశీర్వాదములే గదా! ఆ ఆశీర్వాదములే వారిని విందుకు దూరము చేసెను. నేడు నాట్లు అయిన తరువాత వత్తుమందురు. నాట్లు అయిన తరువాత కలుపు, కలుపు అయిన తరువాత కోత, కోత అయిన తరువాత ధర. గుంటలో పడిన ఎద్దును విశ్రాంతిదినమున పైకి తీయవచ్చునని ప్రభువే చెప్పెను. కాని కొందరి ఎద్దు ప్రతి ఆదివారమును తప్పక గుంటలో పడుచున్నది!

రెండవది పిల్లల చదువు. ఇది చెప్పినయెడల అనేకులు నొచ్చుకొందురని తెలిసియే చెప్పుచున్నాను. పలుపు పట్టిన చేతికి పలకను ఇచ్చినది సువార్తయే. మన తాతలు అక్షరము ముట్టరాదని చెప్పబడినవారు. మిషను బడి వారి పిల్లలకు తలుపు తెరచెను. ఆ మేలును మరచినవాడు కృతఘ్నుడు. అయితే బైబిలు చదువుటకు నేర్చుకొన్న చదువు ఇప్పుడు బైబిలును మూసివేయుచున్నది. పరీక్షలు వచ్చెనని సండే స్కూలు మానిపించుదురు, ఆదివారము ఉదయమున ట్యూషనుకు పంపుదురు. మార్కుల కొరకు ఉపవాసముండు తల్లి, బిడ్డ రక్షణ కొరకు ఒక్క పూట కన్నీరు విడిచినదా? కుమారునికి ఉద్యోగము వచ్చినప్పుడు సంఘమంతటికి భోజనము పెట్టు తండ్రి, ఆ కుమారుడు పట్టణములో మందిరపు గడప ఎక్కుచున్నాడో లేదో అడిగినాడా? చదువు మెట్టు. మెట్టుమీదనే కాపురముండువాడు ఇంటిలోనికి ఎప్పుడు వచ్చును?

మూడవది మందిరమే. ఔను, దేవుని మందిరమే! తాటాకు పందిరిక్రింద కూడుకొన్న దినములలో ప్రార్థన కొరకు తెల్లవారుజామున లేచిన సంఘము, పక్కా కట్టడము లేచిన తరువాత శిలాఫలకముమీద ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనుక అని తగవులాడుచున్నది. సంఘపెద్దల ఎన్నిక వచ్చెనా, అన్నదమ్ములు మాటలు మానుదురు. మందిరపు ఆస్తి కొరకు కోర్టు మెట్లు ఎక్కినవారు మందిరపు మెట్లు ఎక్కుట మరచిరి. ఏలీ దినములలో నిబంధన మందసము పాళెములో ఉన్నది గనుక జయము మనదే అని ఇశ్రాయేలీయులు కేకలు వేసిరి. మందసము పట్టబడెను, జనులు కూలిరి. దేవుని పెట్టె చేతిలో ఉండుట వేరు, దేవుడు తోడుగా ఉండుట వేరు.

బేతనియలో మార్త వంట చేసినది ఎవరి కొరకు? ప్రభువు కొరకే. అయినను ప్రభువు ఆమెను గద్దించెను. ఆయన కొరకు పనిచేయుచునే ఆయన మాట వినలేనంత తొందరలో పడవచ్చును. ఉపదేశులారా, పాటలు నడిపించువారలారా, స్త్రీల సమాజపు పెద్దలారా, ఈ మాట మనకే.

మన తెలుగు దేశపు సంఘచరిత్రలో ఒక సంగతి జ్ఞాపకము చేసికొనుడి. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. ఆ కూలి అనేకుల ప్రాణములు నిలిపెను. అప్పుడు బాప్తిస్మము కోరినవారు వేలకొలది. అయితే ఆయన కరవుపని సాగినంత కాలము బాప్తిస్మములు ఆపివేసెను. కూలిని చూచి వచ్చుట వేరు, క్రీస్తును చూచి వచ్చుట వేరని ఆయన ఎరుగును. సహాయము ముగిసిన తరువాతను జనులు క్రీస్తును కోరి వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆకలిలో సయితము అన్నమును దేవుని స్థానమున పెట్టని విశ్వాసమునకు వారసులమైన మనము, కడుపు నిండిన దినములలో దేవుని స్థానమున అన్నమును పెట్టుదుమా?

“అయ్యా, పొలము బీడు పెట్టుమందురా? బిడ్డలను బడి మానిపించుమందురా?” అని ఒకరు అడుగవచ్చును. అది నా మాట కాదు. సోమరియైన రైతు దేవునికి మహిమ తేడు. పగులగొట్టవలసినది పొలమును కాదు, పొలమునకు వేయు ధూపమును. అబ్రాహాము ఇస్సాకును బలిపీఠముమీద పెట్టెను. దేవుడు ఆ బిడ్డను తిరిగి ఇచ్చెను. బలిపీఠమునుండి తిరిగివచ్చిన బిడ్డ తండ్రికి విగ్రహము కానేరడు. మనకిచ్చిన ప్రతి మేలును ఒకసారి ఆ పీఠముమీద పెట్టి తిరిగి తీసికొనవలెను.

“ఇవన్నియు దేవుడు ఇచ్చినవే గదా” అని మరియొకరు తప్పించుకొందురు. ఇత్తడి సర్పమును ఇచ్చినది ఎవరు? దేవుడు ఇచ్చినదే గనుక దేవుడు కాలేదని అనుకొనుట గొప్ప మోసము. చెడ్డ విగ్రహమును చూచి సంఘము కేక వేయును. మంచి విగ్రహమును చూచి సంఘము చప్పట్లు కొట్టును. కావున రెండవది ఎక్కువ ప్రమాదము.

నీ సర్పము ఏదో తెలిసికొనగోరుదువా? ఈ మూడు ప్రశ్నలు నీ మనస్సాక్షికి వేయుము. ఉదయమున కన్ను తెరువగానే నీ తలంపు మొదట దేనియొద్దకు పరుగెత్తును? దేని కొరకు నీవు ప్రార్థన మానుదువు, అబద్ధమాడుదువు, సహోదరునిమీద పగ పట్టుదువు? దేవుడు దానిని నీ చేతిలోనుండి తీసికొనినయెడల యోబువలె ఆయనను స్తుతింపగలవా, లేక ఆయనతో మాటలు మానుదువా? జవాబు వచ్చిన చోట నీ ధూపము లేచుచున్నది.

సహోదరీ సహోదరులారా, ఎఫెసు సంఘమునకు ప్రయాసము ఉండెను, సహనము ఉండెను, దుష్టులను సహింపని రోషము ఉండెను. మొదటి ప్రేమ లేకపోయెను. అది చాలును, దీపస్తంభము తీసివేయబడుటకు. మన ఊరి సంఘములో దీపము ఆరిపోయినయెడల కల్లు దుకాణము ఆర్పలేదని, మన మంచి పొలములు, మంచి చదువులు, మంచి కట్టడములు ఆర్పినవని తీర్పుదినమున తేలును.

ఈ రాత్రి భోజనమునకు ముందు ఇంటివారందరిని పిలువుడి. పొలము పేరు, బిడ్డల పేర్లు, ఉద్యోగము పేరు ఒక్కొక్కటిగా చెప్పి, “ప్రభువా, ఇది నీది, నీవు దీనికంటె గొప్పవాడవు” అని ఒప్పుకొనుడి. హిజ్కియా వచ్చువరకు ఎదురుచూడకుడి. ఎవరి యింటి సర్పమును వారే పగులగొట్టవలెను.

దేవుడు మనకట్టి ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.